గుడి దీర్ఘం

నలుగురం. నాలుగిండ్లు.
జాబ్రియాలో నేను, ఫింతాస్‌లో ఖాజాబీ,
జహ్రా అవతల రెడ్డెమ్మ.
సత్యవేణిది మిష్రెఫ్‌లో మూడంతస్తుల ఇల్లు,
కిటికీలున్నది ఆమె తుడవడానికే,
చూడడానికి కాదు.

మేం కలిసేది ఫోన్‌లో ఒక కాగితం మీద.
కాగితమంటే కాగితం కాదులే,
ఒకరు రాస్తే నలుగురికీ కనబడే నోట్సు.
రెడ్డెమ్మ తెరిచింది, ఇంటర్ తప్పిన పిల్ల.
పైన పేరు పెట్టింది: మా మాటలు.

మొదట్లో అంతా కలగాపులగం.
చీపురు పక్కన జ్వరం,
జ్వరం కింద బెండకాయ.
ఖాజాబీ కూర్చుని గదులు కట్టింది.
వంటింటి మాటలు, పిల్లోళ్ల మాటలు,
డాక్టరు దగ్గర,
మేడమ్ కోపంగా ఉన్నప్పుడు.
ఆఖరి గదే తొందరగా నిండింది.

బసల్ అంటే ఎర్రగడ్డ అని నేను రాస్తే
తెల్లారేసరికి ఎర్రగడ్డ లేదు,
ఉల్లిపాయ ఉంది.
సత్యవేణి కోనసీమ మనిషి, ఊరుకుంటుందా!
నేను మళ్లీ ఎర్రగడ్డ. ఆమె మళ్లీ ఉల్లిపాయ.
మూడు రోజులు.
విసుగొచ్చి రెడ్డెమ్మ రెండూ ఉంచి
పక్కన రాసింది:
ఏదైనా ఏడిపించేదే, ముందు చదువుకోండి.

ఖాజాబీకి 'అబీ'తో వచ్చింది తంటా.
మేడమ్ 'అబీ చాయ్' అన్నప్పుడల్లా
ఇంట్లో మాట్లాడే ఉర్దూ 'అభీ' అనుకుని,
ఇప్పుడే, ఇప్పటికిప్పుడే అనుకుని
నాలుగు నెలలు పరుగెత్తిందంట.
అబీ అంటే కావాలి, అంతే,
అని తెలిసిన రోజు నోట్సులో రాసింది:
నడిచి పోయినా ఏం కాదు.

మా అబీ అంటే వద్దు.
ఇక్కడ మా అంటే కాదు, లేదు.
మనకేమో మా ఇల్లు, మా ఊరు, మా పిల్లోళ్లు.
ఎన్నిసార్లు చదివినా
ఆ రెండు 'మా'లూ నా నోట్లో ఒకచోట ఇమడవు.
ఆ మాట నేర్చుకున్నాం గానీ
పైకి అన్నవాళ్లం లేము.

రాత్రి పదకొండున్నరకు, గిన్నెలన్నీ అయ్యాక,
ఇస్త్రీ బల్ల పక్కన పరుపు పరుచుకుని తెరుస్తాను.
రంగు గీతలు మినుకుమంటుంటాయి.
పచ్చది ఖాజాబీ. నీలంది రెడ్డెమ్మ.
కుంకుమ రంగు సత్యవేణి.
గోడకవతల మేడమ్ నిద్ర, గొంతు లేపలేం.
గీత కదిలితే చాలు, మేలుకునుందని.
ఒకరు ప్రశ్న రాస్తారు: బాచిర్?
ఒకరి జవాబు: రేపు.
దాని కింద ఇంకొకరు: ఏ రేపు?

ఒక రాత్రి కుంకుమ గీత రాలేదు.
మర్నాడు రాలేదు.
ఆమె ఆఖరి వరుస సగంలో ఆగి ఉంది:
రాతిబ్ అంటే జీతం. అడగాలంటే
అంతే. చుక్క కూడా లేదు.

దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు.
రెడ్డెమ్మ ఇంకో గది కట్టి
ఎంబసీ నంబరు, మాలియాలో మనోళ్ల నంబర్లు రాసింది.
ఖాజాబీ ఏమీ రాయకుండా
పచ్చ గీతను తెల్లవార్లూ అక్కడే నిలబెట్టింది.
నేను వంటింటి మాటల్లోకి పోయి
ఎర్రగడ్డ చెరిపేశాను,
ఉల్లిపాయ ఒక్కటే ఉంచాను.

పంతొమ్మిదో రాత్రి, ఒంటిగంట దాటాక,
కుంకుమ గీత.
ఎక్కడుందో చెప్పలేదు.
బాగున్నానని చెప్పలేదు.
నేరుగా ఆ సగం వరుస దగ్గరికి పోయింది.
ఒక్కో అక్షరం పుట్టడం ముగ్గురం చూస్తున్నాం:

అడగాలంటే, వేన్ రాత్‌బీ?
వేన్ అంటే ఎక్కడ.
మాట చివర గుడి దీర్ఘం పెడితే నాది అవుతుంది.
ఇస్మ్ పేరు, ఇస్మీ నా పేరు.
జవాజ్ పాస్‌పోర్టు, జవాజీ నా పాస్‌పోర్టు.
పైకి చదవండి.

ఐదో తరగతిలో గుణింతం తప్పి
వేళ్ల మీద బెత్తం దెబ్బలు తిన్నదాన్ని.
క, కా, కి, కీ,
ఎందుకో అప్పుడెవరూ చెప్పలేదు.
దుప్పటి తలదాకా లాక్కుని
ఇస్మీ, జవాజీ, రాత్‌బీ,
మొదట పెదాలతో,
తర్వాత కొంచెం గొంతుతో.

చూస్తుండగానే కుంకుమ గీత పైకి పాకింది,
వంటింటి మాటల దాకా.
ఉల్లిపాయ దగ్గర కాసేపు నిలబడింది.
పక్కన కామా పెట్టి
ఎర్రగడ్డ అని రాసి
వెళ్లిపోయింది.